ఆఫ్రికాలో ఆదివారం భోజనం

టీవీలో ఆఫ్రికా అన్న మాట వినబడితే నేను ఇప్పటికీ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నవ్వించే పనే చేశాను. ఆ నవ్వు వెనక ఒక పిల్లాడి ఉద్యోగం, ఒక పిల్ల బతుకు ఉన్నాయని మాత్రం వాళ్ళకి పూర్తిగా తెలీదు.

బర్మాలోని యాంగోన్‌లో మేం తెలుగు బాప్టిస్టులం మరీ వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది కాదు. కానీ పెళ్ళి సంబంధం వెతకడం మొదలుపెడితే వేళ్ళు చాలు. ఉన్న పిల్లలు ఒకరికొకరు అన్నాచెల్లెళ్ళ వరస అవుతారు, లేకపోతే పిల్లాడు ఈపాటికే ఏ బర్మా పిల్లనో కరెన్ పిల్లనో చూసుకుని ఉంటాడు. అందుకని మాలో సంబంధాలు కలిపేవాళ్ళకి గౌరవం ఎక్కువ. ఆ గౌరవం ముప్పై ఏళ్ళుగా నాదే. రేవు పక్కన బోటాటౌంగ్ పేటలో మాకు మసాలా పొడులు, ఎండుచేపలు అమ్మే కొట్టు ఉంది. పొడుల కోసం వచ్చినవాళ్ళు పిల్లల వయసు చెప్పకుండా వెళ్ళరు. నేను అడక్కుండా వదలను.

ఆ ఏడాది సైన్యం గద్దెక్కింది. వీధుల్లో ఇసుక బస్తాలు, టైర్లు అడ్డం పెట్టారు, కాల్పులు జరిగాయి, తరువాత ఫోన్లలో ఇంటర్నెట్ ఆపేశారు. పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లులు చేతిలో సెల్‌ఫోను పట్టుకుని, అది దేనికీ పనికిరాక, మా కొట్టుకి వచ్చేవారు. మా కొట్లో గోడవారన పాత టెలిఫోను ఒకటి ఉంది. దాన్ని తీసేయమని మా ఆయన పదేళ్ళు పోరు పెట్టాడు. ఇప్పుడు అదే అందరికీ దిక్కయింది. విదేశాల నుంచి పిల్లలు ఆ నంబరుకి చేసేవారు, నేను విని, కబురు ఎవరిది వాళ్ళకి చేరవేసేదాన్ని. చేరవేసేటప్పుడు కాస్త ఉప్పూ కారం కలిపేదాన్నని మా ఆయన అంటాడు. కలిపానేమో.

ఊరికి పడమటి కొసన అహ్లోన్‌లో ఒకావిడ ఉంది, కుట్టుపని చేసుకుంటుంది, వరసకి నాకు చెల్లెలు, నన్ను అప్పా అంటుంది. వాళ్ళాయన ఆ మార్చిలోనే గుండె ఆగి పోయాడు. ఒక్కతే కూతురు. యాంగోన్‌లో ఉన్న విదేశీ దొరల ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. వాళ్ళకి నైరోబీ బదిలీ అయితే పిల్లని కూడా తీసుకుపోయారు. ఇప్పుడు ఆ దొరలు ఏడాది చివరికి సొంత దేశం వెళ్ళిపోతారట, పిల్లని తీసుకెళ్ళరట. ఇక్కడికి రమ్మందామా అంటే ఏ దేశానికి రమ్మంటాం? ఆ ఈడు పిల్లలు ఇక్కడి నుంచే పారిపోతున్నారు. ఆ తల్లి కొట్లో స్టూలు మీద కూర్చుని ఒకటే మాట అనేది.

"నాకు ఇంకేటీ ఒద్దప్పా. దానికి ఏదైనా అయితే బేగి ఎల్లి సూసేవోడు, మనోడు ఒకడుండాల. నిద్దర రావట్లేదప్పా నాకు."

నాకు అప్పుడే మెరుపు మెరిసింది. మా బోటాటౌంగ్‌లోనే, రేవులో గుమాస్తాగా చేసి రిటైరైన ఒకాయన ఉన్నాడు. ఆయన కొడుకు బియ్యం ఓడల వ్యాపారంలో చేరి, మన బియ్యం నూకలు దిగే అక్రాలో, ఒక షావుకారు గిడ్డంగిలో పని చేస్తున్నాడు. బుద్ధిమంతుడు. పెళ్ళి కాలేదు. వరస కుదిరింది. అన్నిటికన్నా పెద్ద సంగతి, అక్రా ఉన్నది ఆఫ్రికాలో!

సింగపూరులో మావాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు, మలేషియాలో ఇంకా ఎక్కువ. ఆఫ్రికాలో ఉన్నది ఇద్దరే ఇద్దరు. వాళ్ళల్లో ఒకరు ఆడపిల్ల, ఒకరు మగపిల్లాడు. ఇది దేవుడి ఏర్పాటు కాక ఏమిటి? సింగపూరులో ఉన్నవాళ్ళు ప్రతి ఆదివారం కలుసుకుని కూర వండుకుని తింటారు. ఆఫ్రికాలో ఉన్నవాళ్ళు కూడా అలాగే అనుకున్నాను. నిజానికి అనుకోవడం కూడా లేదు. ఆఫ్రికా అంటే నా బుర్రలో సింగపూరు కంటే కాస్త పెద్ద ఊరు, అంతే. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను, గోడ మీద పటం చూశాను, అయినా అంతే.

"పక్కపక్కనే కదేటే, ఇక్కడికీ దలాకీ ఎంతో అంత. మద్దిలో నీళ్ళుంటే ఓడెక్కుతాడు, నేదంటే ఇమానం ఎక్కుతాడు" అన్నాను అహ్లోన్ చెల్లెలితో. దలా అంటే మా రేవు నుంచి ఏరు దాటితే వచ్చే ఊరు.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. వారం తరువాత కనబడినప్పుడు రాత్రి నిద్ర పట్టిందని చెప్పింది. ఆ మాట విని నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. నా తెలివితక్కువే వెయ్యి అబద్ధాల పని చేసి పెట్టింది.

కాల్పుల భయంతో చర్చి మూసే ఉంది కనుక ప్రధానం అహ్లోన్‌లో పిల్ల ఇంట్లోనే, తలుపులు దగ్గరగా వేసి, పదిమందిమి కూర్చుని చేశాం. పిల్లా లేదు, పిల్లాడూ లేడు. ఇద్దరి ఫొటోలు బల్ల మీద పెట్టి, బైబిలు, చీర, ఉంగరం ఇచ్చి పుచ్చుకున్నారు. పాట పాడదామంటే బయట వినబడుతుందని భయం, గొంతు దించి పాడాం. పిల్లాడి తల్లి ఫొటోలో ఉన్న పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టింది. అందరం ఏడ్చాం. ఆ రోజుల్లో మా అందరికీ సంతోషం అన్నది ఎక్కడో ఒకచోట దొరకాలి, అక్కడ దొరికింది.

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. కానీ మాలో ఒక పద్ధతి ఉంది. ప్రధానం తరువాత వచ్చే మొదటి ఆదివారం అబ్బాయి అమ్మాయి చేతి భోజనం తినాలి. వెళ్ళకపోతే పిల్ల నచ్చలేదని అర్థం. మా అమ్మమ్మల కాలంలో ఓడలు దిగి వచ్చిన కూలీ కుటుంబాలు మావి. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే పెద్దలు లేని చోట, పదిమంది చూస్తుండగా ఒక ఇంట్లో కూర్చుని అన్నం తినడమే మాటకి ముడి. ఆ భోజనం తప్పిన సంబంధాలు తప్పిపోవడం నేను చూశాను. అందుకని అందరి ముందూ నేనే ప్రకటించాను.

"పిల్లాడు ఆదోరం గుంట ఇంటికి ఎల్లి బోంచేత్తాడు. నాను సెప్తాను ఆడికి."

పిల్లాడి తండ్రి ఏదో అనబోయాడు. ఆయన నెమ్మదస్తుడు, మాట పూర్తయ్యేలోగా నేను రెండు మాటలు పూర్తి చేస్తాను.

ఆ పిల్లాడు కొట్టుకి ఫోను చేసినప్పుడు నేను పద్ధతి అంతా వివరించాను.

"పెద్దమ్మా, నైరోబీ ఇక్కడికి దగ్గర కాదు. నేను..."

"దగ్గర కాదేటిరా? ఒకే ఆఫ్రికాలో ఉండి దూరమంటావేటి? గుంట ఒక్కతీ ఉంది అక్కడ. తండ్రి నేడు. నీకు ఎల్లాలని నేకపోతే నేదని సెప్పు, దూరమని సాకులు సెప్పకు."

"అది కాదు పెద్దమ్మా, విమానంలోనే..."

"ఇమానం ఉంది కదా, ఎక్కు మరి!"

లైను తెగిపోయింది. తెగిపోయిందో, వాడే పెట్టేశాడో నాకు తెలీదు. పెట్టేసినా తప్పు లేదు.

ఆ ఆదివారం అహ్లోన్ చెల్లెలు ఇక్కడ తన ఇంట్లో కోడికూర వండి, ఆ పూట తన కూతురు కూడా అక్కడ వండుతూ ఉంటుందని నాతో మురిసిపోతూ చెప్పింది. మధ్యాహ్నం పోయింది, సాయంత్రం పోయింది, సైన్యం మీద నిరసనగా రాత్రి ఎనిమిదింటికి వీధుల్లో గిన్నెలు మోగించే వేళ కూడా అయింది. ఏ కబురూ రాలేదు. మర్నాడు పిల్లాడే ఫోను చేసి మా ఆయనతో, వెళ్ళడానికి కుదరలేదు, పెద్దమ్మకి చెప్పండి అని పెట్టేశాడట. నేను ఉన్నప్పుడు చెయ్యలేదు. అది నాకు మరీ మండింది.

తరువాతి ప్రార్థన కూడిక కూడా అహ్లోన్‌లో చెల్లెలి ఇంట్లోనే జరిగింది. ఆమెన్ అన్న మరుక్షణం నేను నోరు తెరిచాను. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ నన్ను చూసే అనేది. ఆ రోజు ఆ మాట గుర్తు రాలేదు.

"మీవోడికి గుంట నచ్చకపోతే ముందే సెప్పాల. తండ్రి పోయిన పిల్లని ఇలా నలుగురిలో నవ్వులపాలు సేత్తారేటి? పక్కనే ఉండి ఒక్క పూట బోజనానికి ఎల్లలేనోడు రేపు పెళ్ళాన్ని ఏం సూత్తాడు?"

పిల్లాడి తండ్రి తల దించుకుని చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. ఎంత దూరమో ఆయనకీ సరిగ్గా తెలీదు, పాపం. కొడుకు దూరమని చెప్పి ఉంటాడు, ఆయన ఆ మాట నా ముందు నిలబెట్టలేకపోయాడు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అహ్లోన్ చెల్లెలు లేచి లోపలికి వెళ్ళి, ప్రధానం చీర, బైబిలు పెట్టిన సంచి తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. వచ్చే కూడికలోగా పిల్లాడు వెళ్ళకపోతే ఈ సంచి పట్టుకుపొండి అంది. గట్టిగా మాట్లాడటం ఆవిడకి రాదు, ఆ ధైర్యం నేను ఇచ్చిందే.

"ఎల్తాడమ్మా. నాను సెప్తాను. ఎల్తాడు" అన్నాడు ఆ తండ్రి.

పది రోజుల తరువాత పిల్ల ఫోను చేసింది. కొట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. మొదటి మాటలు ఏమీ అర్థం కాలేదు. లైన్ మకావుంబూ, లైన్ మకావుంబూ అంటోంది బర్మా మాటల్లో, లైను బాగోలేదని. తరువాత గొంతు తేటపడింది.

"పెద్దమ్మా, ఆయన వచ్చి వెళ్ళారు. అన్నం తిన్నారు. అమ్మకి చెప్పండి."

"సూసినావా! నాను గట్టిగా అడిగితే గాని కదల్లేదు. ఏం వండినావేటి?"

"పప్పు, వంకాయ. పెద్దమ్మా, మీరు ఒక్కసారి నా మాట పూర్తిగా వినండి."

విన్నాను. నా జీవితంలో అంతసేపు అడ్డం రాకుండా విన్నది అదే అనుకుంటాను.

అక్రా నుంచి నైరోబీకి నేరుగా విమానం దొరికితే గాలిలోనే ఆరు గంటలు. యాంగోన్ నుంచి ఢిల్లీ వెళ్ళి మళ్ళీ యాంగోన్‌కి తిరిగి వస్తే ఎంతో, దాదాపు అంత దూరం. ఖండానికి అక్రా పడమటి పక్క, నైరోబీ తూర్పు పక్క. వాళ్ళ గడియారానికీ వీళ్ళ గడియారానికీ మూడు గంటల తేడా, అక్రాలో పొద్దు పొడిచేసరికి నైరోబీలో గిన్నెలు కడుక్కుని కూర్చుంటారట. పిల్లాడికి నేరుగా వెళ్ళే విమానం దొరకలేదు. మధ్యలో ఇంకో దేశంలో దిగి, బల్లమీద పడుకుని, మరో విమానం ఎక్కి, రోగం లేదన్న కాగితం చూపించి బయటికి రావడానికి మొత్తం ఒకటిన్నర రోజు పట్టింది. దొరల ఇంటి వెనక, పిల్ల ఉండే గదిలో, దొరసాని ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. రెండోసారి పెట్టించుకున్నాడట. సాయంత్రం విమానానికి వెళ్ళిపోయాడు.

"గిడ్డంగి దగ్గర ఓడ సరుకు దింపుతోంది పెద్దమ్మా. షావుకారు సెలవు ఇవ్వనన్నాడు. వాళ్ళ నాన్నగారు ఫోను చేసి ఏడ్చారట, అందుకని చెప్పకుండా వచ్చేశారు. తిరిగి వెళ్ళేసరికి ఆ పనిలో ఇంకొకడు ఉన్నాడు."

నేను టెలిఫోను పక్కనున్న మిరపపొడి డబ్బా మూత తీసి పెట్టాను, మళ్ళీ తీసి పెట్టాను.

"ఈ దూరం సంగతి ముందే ఎందుకు సెప్పలేదే నువ్వు?"

"ఆయన చెప్పబోతే మీరు చెప్పనిచ్చారా? అదీ కాక, దగ్గరే ఉన్నాడని విన్నాక అమ్మ నిద్రపోతోందని మీరే అన్నారు. అందుకే ఊరుకున్నాను. ఇప్పుడు కూడా చెప్పకండి పెద్దమ్మా. వచ్చి తిన్నారని చెప్పండి చాలు."

ఫోను పెట్టేశాక కొట్టు తలుపు సగం దించి లోపల కూర్చున్నాను. నన్ను నేను తిట్టుకుందామంటే తిట్లు కూడా రాలేదు. ఊరందరినీ తిట్టడానికి అన్ని మాటలు ఉన్న నోరు ఇది. ఒక్క మాట, ఎంత దూరంరా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. పెద్దరికం అలవాటైపోయినవాళ్ళకి అడగడం నామోషీ. ఆ నామోషీ ఖరీదు, ముక్కూ మొహం తెలియని ఖండంలో ఒక పిల్లాడి కూడు. ఏడాది చివరికి పిల్లకీ పని ఉండదు. ఇద్దరికీ చెరో మూల ఏ ఆధారమూ లేకుండా చేసి, దానికి దేవుడి ఏర్పాటని పేరు పెట్టాను.

ముందు పిల్లాడి తల్లిదండ్రుల ఇంటికి వెళ్ళాను, అది మా వీధి చివరే. ఆయన్ని చూడగానే వయసులో పెద్దదాన్నని కూడా చూసుకోకుండా కాళ్ళకి వంగబోయాను. ఆయన కంగారుపడి వెనక్కి జరిగి గోడకి తగిలాడు.

"ఒద్దప్పా, ఒద్దు. మావోడు ఇంకో కొట్లో అడుగుతున్నాడంట. దొరుకుద్ది" అన్నాడు. ఆయన భార్య మాత్రం టీ పెట్టి తెచ్చి నా ముందు పెట్టి, లోపలికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ టీ తాగడం నాకు చాలా కష్టమైంది.

మర్నాడు పొద్దున్నే అహ్లోన్‌కి బయలుదేరాను. పిల్ల చెప్పవద్దంది. చెప్పకపోతే ఆ తల్లి నిద్రపోతుంది, నిజమే. కానీ ఆవిడ దృష్టిలో ఆ పిల్లాడు పక్కవీధిలో ఉండి కూడా రెండు వారాలు బద్ధకించి, నాలుగు తిట్లు తింటే గాని కదలని మనిషిగా మిగిలిపోతాడు. అల్లుడి మీద అలాంటి చూపు ఒకసారి పడితే అది కడదాకా పోదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎలా చెప్పాలో పదిరకాలుగా అనుకున్నాను. స్ట్రాండ్ రోడ్డు మీద సిపాయిలు బస్సు ఆపి సంచులు చూశారు. నా సంచిలో ఎండురొయ్యలు తప్ప ఏమీ లేవు.

ఆవిడ మిషను దగ్గర కూర్చుని లుంగీ అంచు కుడుతోంది. సంచి ఇంకా గుమ్మం పక్కనే ఉంది. నేను చాప మీద కూర్చుని, అనుకున్న పదిరకాలూ మర్చిపోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నాకు ఆఫ్రికా అంటే ఏమిటో తెలీదన్నాను. దలా అంత దూరమని నేను అన్నది నా నోటికి వచ్చిన మాటన్నాను. పిల్లాడు ఎలా వెళ్ళాడో, ఎన్ని చోట్ల దిగి ఎక్కాడో, ఒక్క పూట భోజనానికి ఏం పోగొట్టుకున్నాడో చెప్పాను. సిగ్గుతో చచ్చిపోతున్నానే చెల్లీ, నన్ను ఎన్ని మాటలన్నా అను, వాణ్ణి మాత్రం ఏమీ అనుకోకు అన్నాను.

ఆవిడ మిషను ఆపింది. ఇంక ఈ మనిషికి నిద్ర ఉండదు, అదీ నా ఖాతాలోనే అనుకున్నాను.

"నేరుగా ఎల్తే ఆరు గంటలేనా అప్పా?"

"ఇమానం దొరికితే. దొరక్కపోతే ఒకటిన్నర రోజు."

"పనిపోతాదని తెలిసే ఎల్లినాడా?"

"తెలిసే ఎల్లినాడే."

ఆవిడ లేచి, గుమ్మం పక్కనున్న సంచి తీసి, బైబిలు మీద దుమ్ము చేత్తో తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేసింది. మళ్ళీ వచ్చి నా పక్కనే కూర్చుంది. గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు మామూలుగా అంది.

"ఐతే దగ్గరే కదప్పా. ఆ మార్చిలో మా పిల్ల నాన్న పొద్దున్నే పోనాడు. సీకటి పడీదాకా గుమ్మంలో కూకుని సూసినాను. మనోళ్ళు ఒక్కులూ రానేదు. పక్కింటి బర్మావోళ్ళు నలుగురు సవం పెట్టె ఎత్తినారు."

బోటాటౌంగ్ నుంచి అహ్లోన్‌కి నడిచి వస్తే గంటన్నర. ఆయన పోయిన కబురు నాకు ఆ పొద్దున్నే అందింది. ఆ రోజంతా నేను మా ఇంట్లో, కాల్పులకి భయపడి, తలుపు గడియ వేసుకుని కూర్చున్నాను.